కోట గుమ్మంలో పొయ్యి

జానయ్య మూడో రాయిని రెండు చేతులతో దొర్లించి గుమ్మం మధ్యకు తెచ్చాడు. అరచేత్తో దాని నెత్తిన ఒత్తి చూశాడు. కొంచెం కదిలింది. కింద ఒక పెంకు ముక్క దోపి మళ్ళీ ఒత్తాడు. ఈసారి కదలలేదు. రొట్టె పెనం పెట్టే పొయ్యి వెంట్రుకవాసి కూడా కదలకూడదు. పెనం వాలిందంటే రొట్టె ఒక పక్క మాడుతుంది, ఇంకో పక్క పచ్చిగా ఉంటుంది.

రాళ్ళు కుదిరాక, లోపలి చీకట్లోకి చూడకుండానే మెల్లగా అన్నాడు.

"జంగా, ఇనవడుతాందా?"

"ఆఁ, అన్నా."

"ఇగ సప్పుడు చెయ్యకు. దగ్గొస్తే తువ్వాల నోట్లె కుక్కుకో. నేను పిలిచేదాంక నువ్వు మనిషివి కాదు, గోడల రాయివి."

లోపల ఉన్నది అతని తమ్ముడు జంగయ్య. సంఘం దళంలో తిరిగేవాడు. నాలుగు రోజుల కింద చెలక గట్ల మీద తొడలో తుపాకి గుండు దిగింది. తోటివాళ్ళు మోసుకొచ్చి గుండ్లకోట మీద, నీళ్ళ గుండం పక్కన ఉన్న పాత మందుగుండు కొట్టులో పడుకోబెట్టి వెళ్ళారు. నాలుగు రాతి గోడల కొట్టు అది. పడమటికి ఒకటే గుమ్మం, తలుపు లేదు. వెనక గోడలో ఛాతీ ఎత్తున ఒక కంత, చెయ్యి పట్టేంత. అంతే.

అది పోలీసు యాక్షన్ తర్వాత వచ్చిన మాఘమాసం. రజాకార్లు పోయారు. వాళ్ళతో అంటకాగిన పెద్దలు తెల్లటోపీలు పెట్టుకుని తిరిగొచ్చారు. ఇప్పుడు మిలిటరీ వెతుకుతున్నది సంఘం వాళ్ళను. దొరికినవాళ్ళంతా క్యాంపు దాకా రావటం లేదు. ఊరి బయట రెండు తుపాకి మోతలు వినబడేవి. పారిపోబోతే కాల్చామని కాగితం రాసుకునేవారు. జంగయ్య పేరు రాసిన కాగితం కూడా క్యాంపులో ఉంది. రాయించింది ఊరి పోలీసు పటేలు రఘుపతి.

కృష్ణ దాటి నల్లమలలో పడితే జంగయ్య బతుకుతాడు. నందికొండ దిగువ రేవులో చేపలు పట్టే భీమయ్య ఆదివారం పొద్దుగూకే వేళకు తన పుట్టి పడవ తెస్తానన్నాడు. అంతవరకు అతన్ని కోట మీద దాచాలి.

ఆ ఆదివారమే కెప్టెన్ నింబాళ్కర్ కోట చూడటానికి వస్తున్నాడు. కోట మీదే భోజనం. వంట జానయ్యది.

*

జానయ్యకు అప్పుడు ముప్పై నాలుగేళ్ళు. రొట్టెలు చెయ్యటం తల్లి దగ్గర నేర్చుకున్నాడు. పదహారో ఏట నుంచి పటేలు ఇంట్లో ఏ పండగ వచ్చినా వంటకు వెట్టి అతనిదే. ఒకసారి చుట్టాల ముందు పెట్టిన రొట్టె అంచు పగిలిందని రఘుపతి పటేలు కాలుతున్న పెనాన్ని చెప్పుకాలితో తన్నాడు. మర్నాడు జానయ్య ఊళ్ళో లేడు. నడిచి బెజవాడ చేరి ఫౌజులో వంటవాడిగా పేరు రాయించుకున్నాడు. అస్సాం అడవుల్లో వండాడు, బర్మా వానల్లో వండాడు. యుద్ధం ముగిశాక ఓడెక్కించి జపానుకు తీసుకుపోయారు.

అక్కడ మత్సుయే అనే ఊళ్ళో వాళ్ళ పటాలం దిగింది. పెద్ద చెరువు, చెరువు ఒడ్డున ఊరు, ఊరి మధ్య నల్ల చెక్క గోడల కోట. ఒక ఆదివారం లెఫ్టినెంటు సాబ్ పదిమంది జవాన్లను వెంటబెట్టుకుని ఆ కోట చూపించాడు. జానయ్య టిఫిను డబ్బాలు మోశాడు. ఆ లెఫ్టినెంటే ఈ నింబాళ్కర్. షోలాపూర్ వైపు మరాఠా మనిషి. జొన్నరొట్టెనే భాకరీ అంటూ తిని పెరిగినవాడు.

గుమ్మం దగ్గరే బూట్లు విప్పించారు. నున్నని చెక్క నేల కాళ్ళకు మంచులా తగిలింది. మెట్లు నిచ్చెనలాగా నిట్టనిలువుగా ఉన్నాయి. అడుగు అంతస్తులో, కోట కడుపులోనే, ఒక బావి ఉంది. లెఫ్టినెంటు దాని అంచున కూర్చుని లోపలికి రాయి వేసి చప్పుడు విన్నాడు.

"కోట చూడటమంటే గోడలు చూడటం కాదు. నీళ్ళు చూడాలి. నీళ్ళున్న చోటే మనిషి దాక్కుంటాడు," అన్నాడు జవాన్లతో.

దిగి వచ్చాక కోట వెనక సందులో ఒక ముసలమ్మ నల్లటి పిండి పిసుకుతూ కనబడింది. జపాను దుకాణాల్లో తినకూడదని ఫౌజు హుకుం. లెఫ్టినెంటు అటూ ఇటూ చూసి లోపలికి దూరాడు. జానయ్య ముసలమ్మ చేతులే చూస్తూ నిలబడ్డాడు. ఆమె పిండి మధ్య గుంట చేసి సలసల కాగే నీళ్ళు పోసింది. జొన్నపిండి లాంటిదే అది, దానంతట అది అంటుకోదు. మరిగే నీళ్ళు పడితేనే మాట వింటుంది. జానయ్య నవ్వాడు. సైగలతో పిడికెడు పిండి అడిగి, ఆమె చెక్క పీట మీద రొట్టె తట్టాడు. మొదటిది అంచున కొంచెం పగిలింది. పక్కన పడేసి ఇంకోటి తట్టాడు. అది కాలాక ముసలమ్మ అంచు చుట్టూ బొటనవేలు తిప్పి చూసి తల ఊపింది. ఆమె ఆ పిండినే దారాల్లా కోసి, చెరువు ఆల్చిప్పల చారులో వేసి ఇచ్చింది. లెఫ్టినెంటు రెండు గిన్నెలు తాగాడు. జానయ్య రొట్టె కూడా తిన్నాడు. వస్తూ వస్తూ ఆమెకు చక్కెర డబ్బా ఇచ్చి, "ఈ సంగతి ఎవరికీ చెప్పకు" అన్నాడు జానయ్యతో. జానయ్య చెప్పలేదు.

నలభై ఏడు చివర ఫౌజు వదిలి జానయ్య ఊరికి వచ్చాడు. ఏడాది తర్వాత ఊళ్ళో క్యాంపు పడింది. మగవాళ్ళంతా రోజూ సాయంత్రం వరసలో నిలబడి పేరు చెప్పాలి. ఆ వరసలో కెప్టెన్ అతన్ని గుర్తుపట్టాడు.

"జానయ్య? మత్సుయే జానయ్య?"

అప్పటి నుంచి వారానికి రెండుసార్లు క్యాంపులో రొట్టెలు చేసేవాడు. శనివారం సాయంత్రం కెప్టెన్ నవ్వుతూ చెప్పాడు. "నీ ఊళ్ళో కోట ఉంది, నువ్వు ఉన్నావు. రేపు పైన భోజనం. జిల్లా నుంచి ఒక ఆఫీసరు, ఆయన భార్య వస్తున్నారు. నీ ఊరి తిండి తినిపిద్దాం."

"కింద చేసి వేడివేడిగ పైకి తెస్త సాబ్. మెట్లు ఎక్కువున్నయి, సామాను మొయ్యాలె."

"చల్లారిన భాకరీ నాకొద్దు. పెనం మీది నుంచి పళ్ళెంలో పడాలి. పైన నీళ్ళు కూడా ఉన్నాయట కదా."

ఆ సాయంత్రమే కోట మెట్ల కింద ఇద్దరు జవాన్లు కాపలా కూర్చున్నారు. జంగయ్యను ఇంకోచోటికి మార్చే మెట్ల దారి మూసుకుపోయింది. వెనక బండల చీలికలో ఒక మేకలదారి ఉంది గానీ, అది నది వైపు బయలు మీదికి దిగుతుంది, పుట్టి వచ్చేదాకా అక్కడ మనిషిని దాచే చోటు లేదు.

ఇంటికి వచ్చి జానయ్య చెప్పిందంతా భార్య సోమమ్మ పిండి జల్లిస్తూ విన్నది. జల్లెడ పక్కన పెట్టి అన్నది.

"పొయ్యి ఆ గుమ్మంలనే పెట్టు."

"పిచ్చా నీకు?"

"మండే పొయ్యిని దాటి ఎవడొస్తడు చెప్పు? వాళ్ళు దిగి పోయేదాంక మంట ఆర్పకు. మాఘంల గాలి తూర్పు నుంచే గద. కొట్టు వెనక నుంచి కొడ్తది. పొగ బయటికే పోతది."

ఆమె చెప్పింది సరిగ్గానే ఉంది. జానయ్య ఎండు కందికట్టె, చేవదేలిన తుమ్మ మొద్దులు ఏరి కట్టాడు. పొగ తక్కువ, నిప్పు గట్టి. పచ్చి పుల్ల ఒక్కటి లేకుండా మూడుసార్లు చూసుకున్నాడు.

*

పదిగంటల వేళకు బూట్ల చప్పుడు పైకి వచ్చింది. కెప్టెన్, జిల్లా ఆఫీసరు, ఆయన భార్య, గొడుగు పట్టుకుని రఘుపతి పటేలు, వెనక తుపాకులతో ఇద్దరు జవాన్లు. సోమమ్మ అప్పటికే పొయ్యి ముందు నాలుగు బారల మేర సున్నంతో గీత గీసింది. ఫౌజు వంటశాలకు గీసే గీత అది. చెప్పులతో దాన్ని ఎవరూ దాటరు, కల్నల్ వచ్చినా సరే.

పటేలు గొడుగు మడిచి గుమ్మం వైపు చూశాడు.

"ఏందిరా జానిగా, కోటంత జాగుంటే గుమ్మంలనే దొరికిందా నీకు పొయ్యికి?"

"గట్టు మీద గాలి జోరు పటేలా. ఆరుబయట మంట నిలవది."

"ఫౌజుల నేర్చినవా గీ తెలివి?"

"మీ వాకిట్లనే నేర్చిన. అక్కడ గూడ గాలికి అడ్డం ఉండకపోయేది."

పటేలు ఒక అడుగు ముందుకు వేశాడు. కెప్టెన్ వెనక నుంచి, "పటేల్ సాబ్, జూతే," అన్నాడు. పటేలు గీత దగ్గరే ఆగిపోయాడు. అతని చూపు మాత్రం జానయ్య భుజం మీదుగా చీకట్లోకి పోయింది.

"సాబ్, గీ లోపల పాత మందుగుండు కొట్టు. సూడదగ్గది."

"తిన్నాక చూద్దాం," అన్నాడు కెప్టెన్.

జానయ్య పెనం మీద నీళ్ళు చిలకరించాడు. చుక్కలు గిర్రున తిరిగి ఆవిరైపోయాయి. పెనం తయారు.

కెప్టెన్ ముందు గుండం చూశాడు. వంగి నీళ్ళలో చెయ్యి పెట్టాడు, తాగి చూశాడు. తర్వాత కొట్టు చుట్టూ తిరిగాడు. వెనక గోడలో కంత చూసి చెయ్యి మణికట్టు దాకా లోపలికి దూర్చాడు. "గాలి కోసం పెట్టారు. మందుగుండు చెమ్మ పట్టకుండా," అని ఆఫీసరు భార్యకు చెప్పాడు. ఆ మాట గుమ్మంలో ఉన్న జానయ్యకు కొట్టు లోపలి నుంచి వినబడింది. కెప్టెన్ వేళ్ళు, కంత కిందే గోడకు ఆనుకుని కూర్చున్న జంగయ్య నెత్తికి జానెడు ఎత్తున ఆడుతున్నాయని అతనికి తెలుసు. పిండి మీద పెట్టిన చేతులు పిండి మీదే ఉంచాడు.

చెయ్యి బయటికి వచ్చింది. అందరూ బురుజు నీడలో జంఖానా మీద కూర్చున్నారు.

*

జానయ్య ఆలోచన ఒకటే. కడుపు పట్టలేనంత పెట్టాలి. ఎండ నడినెత్తికి రావాలి. తిన్నవాళ్ళకు కాళ్ళు బరువెక్కాలి. కొట్టు సంగతి మరిచి దిగిపోవాలి. అంతదాకా పొయ్యి మండుతూనే ఉండాలి.

మరిగే నీళ్ళు పిండిలో పోసి, కట్టెతో కలిపి, చెయ్యి ఓర్చుకునేంత వేడి మీదనే పిసికాడు. ముద్ద చేసి పీట మీద తట్టాడు. టప్ టప్ టప్ మని అరచెయ్యి పడుతుంటే ముద్ద చుట్టూ సమంగా పరుచుకుంది. పెనం మీద వేసి తడిచేత్తో పైన రాశాడు. తిరగేశాడు. నిప్పుల మీద నిలబెట్టగానే పూరీలా పొంగింది. సోమమ్మ నాటుకోడి కూర, నువ్వుల తొక్కు, పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం వడ్డించి వచ్చింది.

కెప్టెన్ మొదటి రొట్టె విరిచి, ఆవిరి మొహానికి తగలనిచ్చి, కళ్ళు మూసుకున్నాడు. "మా అమ్మ చెయ్యి," అన్నాడు. తర్వాత ఆఫీసరు భార్యకు మత్సుయే కోట గురించి, ముసలమ్మ నల్లపిండి గురించి చెప్పటం మొదలుపెట్టాడు. ఆమె పచ్చిపులుసు గుటకేసి, కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుని, నవ్వి, ఇంకో రొట్టె అడిగింది. జవాన్లు తుపాకులు గోడకు ఆనించి దూరంగా కూర్చుని తింటున్నారు.

ఒకటి, రెండు, మూడు. కెప్టెన్ నాలుగోది అడిగాడు.

అప్పుడు జానయ్య కళ్ళ ముందు ఒక బూడిద రేకు లేచింది. పొద్దటి నుంచి బూడిద అతని మొహం మీదికి వస్తోంది. ఈ రేకు మాత్రం గాలిలో ఆగింది, ఊగింది, మెల్లగా వెనక్కి తిరిగి కొట్టులోకి వెళ్ళిపోయింది. దాని వెంట పొగ కూడా తిరిగింది.

గాలి పడమటికి మారింది.

సోమమ్మ చూసింది. పొయ్యి ఆర్పితే గుమ్మం తెరిచినట్టే. ఆర్పకపోతే లోపల మనిషి పొగలో పోతాడు. జానయ్య మండే కట్టెలు ఒక్కొక్కటి బయటికి లాగి మట్టిలో గుచ్చాడు. నిప్పులు మాత్రం ఉంచాడు. నిప్పులకు పొగ ఉండదు. ఎర్రగా కాలుతున్నంతసేపు గుమ్మం దాటేవాడూ ఉండడు.

కానీ నిప్పుల మీద నీళ్ళు మరగలేదు. గోరువెచ్చని నీళ్ళతో కలిపిన పిండి చేతికి తెలిసిపోయింది, ఇసకలాగా ఉంది. తట్టుతుంటేనే అంచులు నెర్రెలు విచ్చాయి. జానయ్య దాన్ని చూశాడు. ఆ ఒక్కదాన్ని ముద్ద చేసి పక్కన పెట్టాలని చేతులు తహతహలాడాయి. ఆపుకుని, పగిలినదాన్నే కాల్చి పంపాడు. అది పటేలు పళ్ళెంలో పడింది.

"ఇగో, సూడుండ్రి. ఫౌజుకు పోయొచ్చినా గీని చెయ్యి మారలె." పటేలు లేచాడు. గీత దగ్గర చెప్పులు విడిచి, దాటి పొయ్యి దగ్గరికి వచ్చాడు. "మంట లేకుంటే రొట్టె ఎట్ల కాల్తదిరా? కట్టెలు బయట పెట్టి ఆరబోస్తున్నవా?"

"నిప్పు సాలు పటేలా."

"నువ్వు నాకు చెప్తవా?" వస్తూ వస్తూ గోడ సందులోంచి విరిచిన పచ్చి వేపకొమ్మను పటేలు నిప్పుల మీద పడేసి, తుమ్మ మొద్దులు రెండు పొయ్యిలోకి తోశాడు. ఆకులు చిటపటలాడాయి. తెల్లటి చిక్కని పొగ లేచి, గుమ్మం నిండా తిరిగి, కొట్టులోకి దూరింది.

లోపల ఒక దగ్గు. గొంతులోనే నొక్కేసిన దగ్గు.

జానయ్య ముందుకు వంగి గుండెలు పగిలేలా దగ్గాడు. సోమమ్మ కూడా దగ్గింది. పీట మీద పిండిముద్ద వేసి రెండు చేతులతో టపటపా బాదింది.

పటేలు కదలకుండా నిలబడ్డాడు. "ఎందరు దగ్గిన్రు?"

"పచ్చి కొమ్మ పెట్టిందెవరు పటేలా?" సోమమ్మ కళ్ళు తుడుచుకుంటూ గొంతు పెంచింది. "పొగ పెట్టినోళ్ళకు దగ్గు రాదు. పొయ్యి కాడ కూసున్నోళ్ళకు వస్తది. మీరు జర ఇక్కడ కూసోండ్రి, మీరూ దగ్గుతరు, అప్పుడు లెక్కవెడుదురు."

ఆఫీసరు భార్య నవ్వింది. పటేలు నవ్వలేదు.

కెప్టెన్ వచ్చాడు. గీత దగ్గర బూట్లు విప్పి, పొయ్యి పక్కన గొంతుక్కూర్చున్నాడు. చేతిలో పటేలు పళ్ళెంలోంచి తీసిన పగిలిన రొట్టె ఉంది. అంచు చుట్టూ బొటనవేలు తిప్పాడు.

"ఇది నీ చేతి రొట్టె కాదు."

"నీళ్ళు సల్లవడ్డయి సాబ్."

"చల్లబడితే మళ్ళీ కాచేవాడివి. ముసలమ్మ ముందు పగిలినదాన్ని అవతల పడేశావు. మా ముందు పెడతావా?" కెప్టెన్ మట్టిలో గుచ్చిన సగం కాలిన కట్టెల వైపు చూశాడు. "మంట ఎందుకు లాగేశావు?"

కెప్టెన్ పొగను చూశాడు. అది పోతున్న వైపు చూశాడు. లేచి బూట్లు తొడుక్కుని కొట్టు వెనక్కి నడిచాడు.

సోమమ్మ బిందె తీసుకుని, గుండానికి పోతున్నట్టు, మూల దాకా వెళ్ళి చూసింది. వెనక కంత నుంచి పొగ సన్నగా వస్తోంది. వచ్చి ఆగుతోంది. మళ్ళీ వస్తోంది. మళ్ళీ ఆగుతోంది. లోపల ఒకడు ఆ కంతకు నోరు పెట్టి ఊపిరి తీసుకుంటున్నాడు. కెప్టెన్ నాలుగడుగుల దూరంలో నిలబడి దాన్నే చూస్తున్నాడు. అతని చెయ్యి నడుముకున్న పిస్తోలు ఒర మీదికి పోయింది. గుండీ విప్పింది. అతను తల తిప్పి బురుజు నీడ వైపు చూశాడు. ఆఫీసరు భార్య వేళ్ళు నాకుతోంది. జవాన్లు ఎంగిలి చేతులతో ఉన్నారు, తుపాకులు గోడకు ఉన్నాయి. సోమమ్మ బిందె గుండంలో ముంచటం మరిచిపోయింది.

కెప్టెన్ గుండీ మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎండ పెరిగింది. దిగుదాం," అన్నాడు ముందుకు వచ్చి.

"కొట్టు సూస్తమంటిరి గద సాబ్?" అన్నాడు పటేలు.

"రేపు. ఎనిమిది గంటలకు. ప్లాటూన్‌తో వస్తాను." జానయ్య వైపు తిరిగాడు. గొంతులో ఏమీ లేదు, కోపమూ లేదు. "నువ్వు ఇక్కడే ఉండాలి, సాయంత్రం వరసకు రానక్కర్లేదు. గుమ్మం ఖాళీ చేసి నువ్వే చూపించాలి. రొట్టె కూడా కావాలి, పగలనిది. నువ్వు లేకపోతే ఊళ్ళో ఎవరిని అడగాలో పటేల్ సాబ్‌కు తెలుసు."

"బాగ ఎరుక సాబ్," అన్నాడు పటేలు సోమమ్మను చూస్తూ.

ఆడమనిషిని పక్కన పెట్టుకుని తుపాకులు పేల్చటం ఇష్టంలేక ఆగాడో, ఆ మూడు రొట్టెల కోసం ఆగాడో జానయ్య తేల్చుకోలేకపోయాడు. మెట్ల కింది కాపలా అలాగే ఉంది. కోట వెనక బండల చీలికలోని ఆ మేకలదారిని కెప్టెన్ చూశాడో లేదో కూడా తెలియలేదు. అక్కడ కాపలా పెట్టమని మాత్రం అనలేదు.

*

బూట్ల చప్పుడు కిందికి దిగిపోయాక జానయ్య ఒట్టి చేతులతో కొమ్మ లాగి పారేసి, నిప్పుల మీద ఎసరు నీళ్ళు కుమ్మరించి లోపలికి దూరాడు. జంగయ్య కంత కింద గోడకు వాలి ఉన్నాడు. మొహం మసి. తువ్వాల ఇంకా నోట్లోనే ఉంది. గుమ్మం బయటికి ఈడ్చి మొహాన నీళ్ళు కొట్టారు. చాలాసేపటికి కళ్ళు తెరిచాడు.

"అన్నా."

"ఊఁ."

"ఊరోళ్ళందరికీ వెడ్తివి. నాకొక్కటి వెట్టకపోతివి."

సోమమ్మ ఏడుస్తూనే నవ్వింది. మిగిలింది కెప్టెన్ పొయ్యి దగ్గర వదిలిన పగిలిన రొట్టె ఒక్కటే. జంగయ్య దాన్ని పచ్చిపులుసులో ముంచుకుని తిన్నాడు. "గిట్ల పలిగిందేందే?" అన్నాడు.

"నీ పుణ్యమే. తిను," అన్నాడు జానయ్య.

సోమమ్మ సామాను దగ్గర ఉండిపోయింది. జానయ్య తమ్ముణ్ణి వీపున కట్టుకుని చీలికలోంచి దిగాడు. నది రెండు కోసుల దూరం. కంప చెట్ల నీడల్లో ఆగుతూ, వాగు ఇసకలో అడుగులు చెరుపుతూ నడిచాడు. గుండు దిగిన కాలు అడుగడుక్కీ అతని నడుముకు తగిలి మండిపోతోంది. జంగయ్య తువ్వాలను పళ్ళ మధ్య బిగబట్టాడు. పొద్దు నీళ్ళలోకి దిగే వేళకు భీమయ్య పుట్టి ఒడ్డున బోర్లించి కూర్చుని ఉన్నాడు.

"ఆలిశమైంది బావా. ఊరి దిక్కు లారీ మోత ఇనవడ్డది. ఇంకో గడియ సూసి పోతుంటి."

ఇద్దరూ కలిసి జంగయ్యను పుట్టిలో పడుకోబెట్టారు. జానయ్య కట్టు విప్పి, చూసి, మళ్ళీ బిగించాడు.

"తొడ తడవనియ్యకు. జరంత ఎత్తుల పెట్టు."

జంగయ్య అతని మణికట్టు వదల్లేదు. "నువ్వు గూడ రా అన్నా. నిన్ను సంపుతరు."

"పొద్దుగాల ఎనిమిదింటికి సాబ్ వస్తడు. నేను లేకుంటే సోమమ్మను అడుగుతరు. ఆమె ఏం చెప్పకుంటే ఊరినంత అడుగుతరు. ఎట్ల అడుగుతరో నీకెరికే గద."

భీమయ్య తెడ్డు వేశాడు. పుట్టి గుండ్రంగా ఒకసారి తిరిగి, ప్రవాహం అందుకుని, అవతలి గట్టు నీడలోకి పోయింది. జానయ్య చేతులు నీళ్ళలో కడుక్కుని వెనక్కి తిరిగాడు.

*

తెల్లవారేసరికి అతను కోట మీదే ఉన్నాడు. పొయ్యి రాళ్ళు గుమ్మంలోంచి తీసి ఆరుబయట గాలికి అడ్డంగా మళ్ళీ కుదిర్చాడు. సోమమ్మ కొట్టు లోపలంతా ఊడ్చి, పేడతో అలికి, ముగ్గు వేసింది.

ఎనిమిది గంటలకు ముప్పై జతల బూట్లు మెట్లెక్కాయి. జవాన్లు కొట్టును చుట్టుముట్టారు. తుపాకుల కొసలకు కత్తులు బిగించి ఉన్నాయి. కెప్టెన్ పిస్తోలు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. తడి నేల, తెల్లటి ముగ్గు. వెనక గోడ దాకా నడిచాడు. కంత చుట్టూ మసి పట్టి ఉంది. ఆ మసి మధ్య నోరంత మేర మాత్రం రాయి తెల్లగా ఉంది. సోమమ్మ నేల చూసుకుంది గానీ గోడ చూసుకోలేదు.

పటేలు వెనకాలే తల దూర్చాడు. "అలికిన్రు సాబ్! పాడువడ్డ కొట్టును ఎవడన్న అలుకుతడా? రగతం మరకలు కడిగిన్రు!"

"వండి తిన్న జాగను అలకకుండ పోతమా పటేలా?" అన్నది సోమమ్మ బయటి నుంచి. "ఎంగిలి జాగను గట్లనే ఇడిచి పోయే ఇల్లా మాది? మీ ఇంట్ల ఎన్ని తాపల అలికిన నేను, అప్పుడు అడగకపోతిరి?"

అన్నం తిన్న చోటు అలకాలనేది పటేలు ఇంట్లోనూ ఉన్న ఆచారమే. అతను ఇంకో అడుగు లోపలికి వేయబోయాడు. కెప్టెన్ గోడకు వీపు ఆనించి, కంతకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. పటేలు వెనక్కి తిరిగి బయటికి పోయేదాకా కదలలేదు. బయటికి వచ్చినప్పుడు అతని ఖాకీ చొక్కా వీపున నల్లటి మసి వలయం ఉంది.

"ఎవరూ లేరు. రాసుకో," అన్నాడు హవల్దారుతో. "ఇంకొకటి రాసుకో. ఈ జానయ్య ఈ రోజు నుంచి క్యాంపు వంటవాడు. క్యాంపులోనే ఉండాలి. నా హుకుం లేకుండా గేటు దాటకూడదు, ఇంటికి కూడా."

"ఎన్ని దినాలు సాబ్?" అని అడిగింది సోమమ్మ.

జవాబు పటేలు ఇచ్చాడు. "ఎన్ని దినాలైతే ఏంది? గేటు లోపల ఎవలు ఏం మాట్లాడుతరో రోజూ నేనే పోయి ఇనొస్త. ఫికర్ చెయ్యకు."

ఇద్దరు జవాన్లు వచ్చి జానయ్యకు చెరో పక్క నిలబడ్డారు. ఒకడి చేతిలో తాడు ఉంది. జానయ్య లేవలేదు. పెనం మీద రొట్టె ఉంది. ఎసరు సలసలా మరుగుతోంది. రొట్టెను తిరగేసి, తడిచేత్తో ఒత్తి, నిప్పుల పక్కన నిలబెట్టాడు. పొంగింది. దించి, అంచు చుట్టూ బొటనవేలు తిప్పి చూశాడు. ఒక్క నెర్రె లేదు. మెత్తటి గుడ్డలో మడిచి, లేచి, రెండు చేతులతో కెప్టెన్ చేతుల్లో పెట్టాడు.